గణితతర్కాభ్యాసము: కొన్ని స్మృతులు, ఒక విన్నపము

(కొత్తవలసలో జరిగిన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వ్యవసాయమును గూర్చియు, వర్తకమును గూర్చియు మాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై ననేకులు గలరు. మాకు తెలిసినది గణితతర్క మొక్కటియే. "ఆ చదువు దేనికి పనికివచ్చును?" అని మమ్మడుగని బంధువు మా జీవితములో లేడు. ఆ ప్రశ్నకు నేడు మీ యెదుట సమాధానము చెప్పుకొనదలచితిమి. ఏలయన, నేటి సాయంకాలము సభవారు తేల్చవలసిన విషయ మొకటి ఈ ప్రశ్నపైననే యాధారపడియున్నది. మన విద్యానిధినుండి ఇంతవరకు వైద్యము, ఇంజనీరింగు మున్నగు వృత్తివిద్యలు చదువు పిల్లలకు మాత్రమే వేతనము లిచ్చుచున్నారము. శాస్త్రములలో పరిశోధన చేయు పిల్లలకును ఇయ్యవలెనా, వలదా యనునది నేటి చర్చ. మేము ఇయ్యవలెననువారము. కారణములను మా యనుభవమునుండియు, పెద్దల చరిత్రలనుండియు మనవి చేసెదము.

మేము ఈ కొత్తవలస పరిసరములలోని వారమే. మా బాల్యమున ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. విజయనగరము జిల్లా 1979లో నేర్పడినది. మా తండ్రిగారికి కొంచెము మెట్ట, దానికంటె తక్కువ పల్లము. ఇంట అక్షరములు వచ్చినవారు మా అన్నగా రొక్కరే. ఊరి బడి ముగిసిన పిదప మమ్ము విజయనగరము పంపిరి. అచ్చటి మహారాజావారి కళాశాల 1857లో పాఠశాలగా వెలసి, 1879లో కళాశాలయైనది. ఉత్తరాంధ్రమున ఎన్ని కుటుంబములు ఆ గడప తొక్కి పైకివచ్చినవో లెక్కింప నలవికాదు. మాకు వసతిగృహమునకు రుసుము చెల్లించు శక్తి లేదు. మన సంఘీయులైన ఒక వర్తకులు తమ దుకాణపు వెనుక వరండాలో చోటిచ్చి, మూడేండ్లు రెండు పూటల నన్నము పెట్టిరి. ఈ చదువువలన ఏమి వచ్చునని వారు మమ్ము ఒక్కనాడైన నడుగలేదు. మేము పట్టపరీక్షలో నుత్తీర్ణులమైన దినమున దుకాణమునకు వచ్చినవారి కందరికి బెల్లము పంచిపెట్టిరి.

ఆ కళాశాలలోనే గణితతర్క మను మాట మొదటిసారి వింటిమి. తర్కము మన దేశమునకు క్రొత్తది కాదు. పొగ యున్నచోట నిప్పుండుననియు, కొండపై పొగ కనబడుచున్నది గావున అచ్చట నిప్పున్నదనియు తెలిసికొను పద్ధతిని మన నైయాయికులు శోధించిరి. ఆ శాస్త్రమున బాలురకు నేటికిని మొదటి పుస్తకమైన తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన కాశి కేగి చదివి విఖ్యాతు డయ్యెను. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడు అన్నంభట్టు కాజాలడని పండితులలో నొక సామెతయే పుట్టినది. ఆ సామెత మాకు రెండు సంగతులను తెలుపుచున్నది. ఊరు విడిచి దూరమేగి చదువుట మనవారికి పూర్వమునుండి యున్న యాచారము. ప్రయాణము చాలదు, అచ్చట నిలిచి కష్టపడవలెను.

ఇక గణితతర్క మననేమి? ఇంగ్లండుదేశమున లింకను పట్టణమున 1815లో జార్జి బూలు అను నతడు జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టి జీవించువాడు. బూలు ఏ విశ్వవిద్యాలయమునను చదువలేదు. తనకు తాను భాషలను, గణితమును నేర్చుకొనెను. అయినను 1849లో ఐర్లండులోని కార్కు నగరపు కళాశాలలో గణితాచార్యు డయ్యెను. ఆలోచనానియమములను గూర్చి 1854లో ప్రకటించిన గ్రంథమున, 'మఱియు', 'లేదా', 'కాదు' అను మాటలతో మనము చేయు నూహలను బీజగణితమువలె వ్రాయవచ్చునని చూపెను. మందలోనుండి నల్లయెడ్లను ఏరితి మనుకొనుడు. ఏరిన వానిలోనుండి మరల నల్లయెడ్లను ఏరినచో, వచ్చునవి ఆ యెడ్లే కదా! దీనినే బూలు, ఒక గుర్తును దానితోనే గుణించిన ఆ గుర్తే వచ్చునని వ్రాసెను. సంఖ్యలలో నీ నియమమునకు లోబడునవి 0, 1 అను రెండే. 0 అనగా ఏమియు లేకుండుట, 1 అనగా సమస్తము. ఈ రెండంకెలతోనే మంచిచెడ్డల యూహ నంతయు లెక్కవేయవచ్చునని తెలిసినప్పుడు, దుకాణపు వరండాలో ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

దీనివలన ప్రయోజన మేమని యడుగువారు మన స్టేషనును చూచిన చాలును. కొత్తవలస కలకత్తా–మదరాసు ప్రధానమార్గముపై నున్నది. 1960ల దశకమున, బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చి జపానుదేశమున కెగుమతి చేయుటకై, ఇచ్చటినుండి అరకులోయ మీదుగా కిరండూలు వరకు క్రొత్తమార్గము వేసిరి. అప్పటినుండి ఇది రెండు దారులు కలియు జంక్షను. ప్రధానమార్గముపై బండి వచ్చుచుండగా, ఆ దారికి అడ్డముగా మరియొక దారిని విప్పరాదు. పాయింటు సరిగా బిగిసియున్నట్లు నిశ్చయము కానిదే సిగ్నలు దిగరాదు. 'ఇది యైనచో, మఱియు అది కానిచో, అప్పుడు మాత్రమే' అను ఈ కట్టుబాటును పూర్వము ఇనుపమీటలే పాటించెడివి. పిమ్మట విద్యుత్తు మీటలును, నేడు కంప్యూటర్లును పాటించుచున్నవి.

ఆ విద్యుత్తు మీటల సంయోగములను బూలు బీజగణితముతో లెక్కింపవచ్చునని 1937లో అమెరికాదేశమున క్లాడు షానను అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి తన పట్టపరీక్షావ్యాసమున నిరూపించెను. రెండు మీటలను వరుసగా నుంచిన 'మఱియు', ప్రక్కప్రక్కగా నుంచిన 'లేదా'. బూలు గ్రంథమునకును ఈ వ్యాసమునకును నడుమ ఎనుబదిమూడేండ్లు గడచినవి. నేడు మీ చేతులలోని ఫోనులును, బ్యాంకుల లెక్కలును, స్టేషనులోని సిగ్నళ్లును ఆ 0, 1 ల పైననే నడచుచున్నవి. 1854లో బూలును ఎవరైన "ఇది దేనికి?" అని యడిగినచో ఆయన యేమి చెప్పగలిగెడివాడు?

ఈ నియమములు ఆటబొమ్మలు కావు. 2023 అక్టోబరు 29వ తేదీని మన ప్రక్కనున్న కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ రెండు బండ్లు ఢీకొని పలువురు ప్రాణములు కోల్పోయిరి. కారణవిచారణ మా పని కాదు. ఆ రాత్రి ఆసుపత్రులకు పరుగెత్తినవారు ఈ సభలోనే యుందురు. 'దారి ఖాళీయైనచో మాత్రమే' అను మాటకు ఎంత బరువున్నదో వారికి చెప్పబనిలేదు.

1963లో మేము వాల్తేరు చేరితిమి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు స్థాపితమై, 1930లో వాల్తేరునకు తరలినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. పిమ్మట సర్వేపల్లి రాధాకృష్ణగారు 1931 మొదలు 1936 వరకు ఆ పదవిని నిర్వహించిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు విజ్ఞానశాస్త్ర విభాగమునకు గొప్ప విరాళము లిచ్చిరి. ఆ కళాశాల వారి పేరనే వెలసినది. ఈ సంగతిని పోషకులైన మీకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. ఆ మహారాజు ఇచ్చిన ధనమువలన వారి యెస్టేటున కొక్క కాసైనను తిరిగి రాలేదు. మూడు తరముల పిల్లలు చదువుకొనిరి.

అచ్చట గణితశాఖలో నాటి పెద్దలు బూలు బీజగణితమును, దానికి సంబంధించిన 'జాలకము'లను గూర్చి పరిశోధించుచుండిరి. జాలకమనగా పెద్దచిన్నల వరుస గల సముదాయము. అందు ఏ రెంటికైనను, ఆ రెంటిని మించినవానిలో మిక్కిలి చిన్నదియు, ఆ రెంటికి లోబడినవానిలో మిక్కిలి పెద్దదియు దొరకవలెను. వంశవృక్షములో ఇద్దరికి ఉమ్మడి పూర్వులలో మిక్కిలి దగ్గరివానిని వెదకుట కొంత ఇటువంటిదే. యన్. వి. సుబ్రహ్మణ్యంగారు బూలు బీజగణితముపై సదిశరాసుల శాస్త్రమును నిర్మించి, 1964లో జర్మనీదేశపు పత్రికలో ప్రకటించిరి. ఇట్టి వ్యాసములను చదువుటకై మేము ఇరువదిరెండవ యేట జర్మను అక్షరములు దిద్దితిమి. నేడు డాక్టరు వి. యస్. కృష్ణ గ్రంథాలయమని పిలువబడు ఆ భాండారమునకు విదేశపత్రికలు ఓడలపై వచ్చెడివి. మాకు క్రొత్తదైన వ్యాసము అచ్చట పాతబడి యుండెడిది. అయినను సముద్రమునకు ఆవల ఒకడు వ్రాసిన పంక్తిలో సందేహము కలిగి, రెండు నెలలు దానితో పెనగులాడి, తుదకు అది సరియేయని తెలిసికొన్ననాటి సంతోషము మాకు మరియొక పనిలో దొరకలేదు.

అచ్చటనే కుర్టు గోడెలును గూర్చి చదివితిమి. ఆయన 1906లో మొరావియాదేశపు బ్రునో పట్టణమున పుట్టి, వియన్నాలో చదివి, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, తండ్రి మరణించిన సంవత్సరమందే, 1929లో పరిశోధనావ్యాసమును ముగించెను. 1931లో ఆయన నిరూపించినది లోకమును కలచివేసినది. సామాన్యాంకగణితమునకు చాలునట్టి నియమములను ఎంత శ్రద్ధగా వ్రాసికొన్నను, అవి పరస్పరవిరుద్ధములు కాకుండువరకు, ఆ నియమములచే నిరూపింపను, ఖండింపను వీలుకాని వాక్యములు మిగిలియే యుండునని ఆయన తేల్చెను. ఎంత పెద్ద వలయైనను ఆ సముద్రములోని చేపల నన్నిటిని పట్టజాలదని, వలను చూచియే చెప్పినట్లున్నది. వినయమును బోధించు గ్రంథములు లోకమున ననేకములు గలవు. వినయమును లెక్కకట్టి నిరూపించినది మాకు తెలిసి ఇదొక్కటియే.

ఇక ఆ యేండ్ల కష్టము. పట్టపరీక్ష ముగిసి పరిశోధన యారంభించినది మొదలు వ్యాసము సమర్పించువరకు మాకు ఐదేండ్లు పట్టినది. మాతో చదివినవారు ఉద్యోగములలో కుదిరి, ఇండ్లకు డబ్బు పంపుచుండిరి. సెలవులకు వచ్చిన ప్రతిసారి అమ్మ, "ఒరే బాబూ, ఈ సదువు ఎప్పటికి అవుతాదిరా?" అని యడిగెడిది. అన్నగారు మాత్రము మాట లేకయే మూడవ యేట ఎకరము మెట్ట తాకట్టు పెట్టిరి. ఆ సంగతి మాకు తెలిసినది అది విడిపించిన తరువాతనే. చదువు ముగిసి ఒక ఉద్యోగమునకు పోగా, "తర్కములో పట్టమా? మాకు లెక్కలు చెప్పువారు కావలెను" అని త్రిప్పి పంపిరి. ఆ సంస్థ పేరు చెప్పబనిలేదు. నాడు పెక్కుచోట్ల మాట అదియే. తెలివి చాలక కొందరు పరిశోధన మానుదురు, నిజమే. మేము చూచినంతలో మానినవారిలో హెచ్చుమంది మూడవ యేటనో నాలుగవ యేటనో ఇంటినుండి ఉత్తరము వచ్చి మానినవారు. తండ్రికి జబ్బు, చెల్లెలి పెండ్లి, తీర్చవలసిన అప్పు. లెక్క కుదరక కాదు, కూడు కుదరక మానిరి.

ఇందుకు విశ్వప్రసిద్ధమైన యుదాహరణ మొకటి మనవి చేసెదము. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, సి. ఆర్. రావుగారని లోకమెరిగినవారు, 1920లో హడగళిలో జన్మించి, ఈ వాల్తేరులోనే గణితమున ప్రథమశ్రేణిలో పట్టము పొందిరి. యుద్ధకాలమది. సైన్యమునకు సంబంధించిన గణితోద్యోగమునకై కలకత్తాకు పోయిరి; అది దొరకలేదు. ఆ ప్రయాణమందే, ప్రశాంతచంద్ర మహలనవీసుగారు 1931లో స్థాపించిన గణాంకశాస్త్రసంస్థను గూర్చి తెలిసి, 1941 జనవరిలో అందు చేరిరి. 1945లో ప్రకటించిన వ్యాసమువలన వారి పేరు గణాంకశాస్త్రమున శాశ్వతమైనది. 1946లో కేంబ్రిడ్జికి పోయి, అచ్చటి మ్యూజియమున ప్రాచీనుల యస్థిపంజరముల కొలతలను పరిశీలించుచునే, ఫిషరుగారి కడ 1948లో డాక్టరు పట్టమును పొందిరి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును పొంది, ఆ సంవత్సరము ఆగస్టులోనే నూటరెండేండ్ల ప్రాయమున స్వర్గస్థులైరి. సోదరులారా! దొరకని యుద్యోగమునకును దొరికిన శాస్త్రమునకును నడుమ నున్నది ఒక తలుపు. అది తెరచియుండుటచే మనకు సి. ఆర్. రావుగారు లభించిరి. మూసిన తలుపుల ముందునుండి తిరిగి వచ్చినవారి పేర్లు మన కెవ్వరికి తెలియవు.

మరియొక వృత్తాంతము మా శాస్త్రమునకు మరింత సమీపమైనది. బూలు బీజగణితమును, వరుస గల సంఖ్యాసముదాయములను ఒకే గొడుగు క్రిందికి తేగల వ్యవస్థ యేదైన నున్నదా యని అమెరికాదేశపు బిర్కాఫుగారు జాలకములపై వ్రాసిన తమ గ్రంథమున ప్రశ్నించిరి. వాల్తేరులో కె. ఎల్. ఎన్. స్వామిగారు అట్టి యొక వ్యవస్థను కల్పించి, 1965, 1966 సంవత్సరములలో జర్మనీదేశపు పత్రికలో మూడు భాగములుగా ప్రకటించిరి. అది దేనికి పనికివచ్చునో నాడు ఎవ్వరు నడుగలేదు; అడిగినను చెప్పుట కష్టమే. అటు పోలండులో లుకాసీవిచ్చి యను తార్కికుడు, నిజము అబద్ధము అను రెండే కాక నడుమ మెట్లు గల తర్కమును 1920లోనే తలపెట్టియుండెను. దానికి తగిన బీజగణితమును 1958లో చాంగుగారు అమెరికాలో నిర్మించిరి. 1998లో మొరావియాదేశపు రాచూనెక్కుగారు, ఆ బీజగణితమును స్వామిగారి వ్యవస్థలలోని యొక తెగయు నిజమునకు ఒక్కటియేయని నిరూపించిరి. అనగా, వాల్తేరు కొండపై వ్రాసిన పుటలు ముప్పదిమూడేండ్ల తరువాత గోడెలు పుట్టిన దేశమున తమ చుట్టములను కలిసికొన్నవి. స్వామిగారి పిమ్మట యు. యం. స్వామిగారును జి. సి. రావుగారును 1981లో జాలకములపై ప్రకటించిన వ్యాసము మరికొందరికి దారియైనది. ఒక ఊరిలో పండిన విత్తు మరియొక ఊరిలో మొలచుట కింత కాలము పట్టును. కొబ్బరిచెట్టు నాటినవాడే బొండములు త్రాగవలెనన్న మన ఉద్దానములో తోట యొక్కటియు నుండెడిది కాదు.

ఇంకొక మాట చెప్పి విరమించెదము. మాకొక చెల్లెలు గలదు. మేము పలకపై లెక్క వేయుచుండగా ప్రక్కన కూర్చుండి, మాకంటె ముందు ఫలితము చెప్పెడిది. ఐదవ తరగతితో ఆమె చదువు నిలిచినది. నాడు ఊరిలో అందరాడపిల్లల చదువును అంతే. నేడు డెబ్బదియేండ్లు దాటిన ఆ యమ్మ, కొట్టులో బిల్లు యంత్రము తప్పు కూడిన క్షణములో పట్టగలదు. ఆమెకు తలుపు తెరచియున్నచో ఏమైయుండెడిదో మేము చెప్పజాలము. తర్కమున నిరూపణ లేని మాటను మేము పలుకము. అట్లయినను, ఆ ప్రశ్న మా యింట మిగిలియే యున్నది.

కావున సభవారికి మా విన్నపము మూడు మాటలు. మొదటిది, విద్యానిధిలో నొక భాగమును శాస్త్రములందును భాషలందును పరిశోధన చేయు పిల్లలకై ప్రత్యేకింపుడు. రెండవది, ఆ వేతనమును ఏటేట యాచింపవలసిన యవసరము లేక ఐదేండ్లకు హామీ యిండు. ఏలయన బిడ్డలు జారిపోవునది మూడవ యేటనే. ఏటేట ఆచార్యునినుండి అభివృద్ధిపత్రము తెప్పించుకొనుడు, అది న్యాయము. ఫలమును మాత్రము తొందరింపకుడు. మూడవది, ఆడపిల్లలకు మగపిల్లలకు సమముగా నిండు. వైద్యులకును ఇంజనీర్లకును ఇచ్చునది తగ్గింపుడని మేము కోరుటలేదు. వారు మన నేటి యవసరములను తీర్చువారు. పరిశోధకుడు మన మనుమల యవసరములను తీర్చువాడు. వానికి నేడు అన్నము పెట్టువారు మనము తప్ప మరెవ్వరు?

మాకు వరండాలో చోటిచ్చిన ఆ వర్తకులు నేడు లేరు. వారి ఋణమును వారికి తీర్చు దారియును లేదు. ఋణము ఇచ్చినవానికే తీర్పవలెనన్న నియమము ధనవిషయమున చెల్లును. విద్యావిషయమున తరువాతివానికి తీర్చుటయే నియమము. ఈ నిధికి మాకు తోచిన మొత్తమును నేడే కోశాధికారిగారి చేతికి సమర్పించుచున్నాము. దాని పరిమాణము చెప్పదగినంత పెద్దది కాదు. సంఖ్యలలో 1 తరువాతనే 2 వచ్చును గావున, మొదటిదిగా స్వీకరింప ప్రార్థన.